ఎవరి పేరూ కాని మాట

“రేపు మీ బడికి జుమగుల్ కూడా వస్తోందట,” అన్నారు అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ, రేపు మంచు పడుతుందట అన్నంత మామూలుగా.

మైరమ్ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. మూరన్నర పొడుగు కర్ర అది. దానికి చుట్టుకున్న పిండి సగం బల్ల మీద పరుచుకుని అలాగే ఉండిపోయింది. జుమగుల్ అంటే భర్త కుబాన్‌కి అక్క. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. రేపు మైరమ్ పదో తరగతిలో ఓపెన్ లెసన్ చెప్పాలి. పరీక్షించేవాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని చూస్తారు. రాజధాని బిష్కెక్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వస్తుందని తెలుసు, హెడ్‌మాస్టరు ఉంటాడని తెలుసు. ఆడపడుచు ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

“వదిన ఎందుకపా?” అంది. అత్తగారిని అపా అనే పిలుస్తుంది.

“ఎందుకేమిటి? మనింటి కోడలు పరీక్షలో నిలబడితే మనింటి పిల్ల పక్కన ఉండొద్దూ. తనే అడిగి పేరు వేయించుకుందట, నీకు ధైర్యంగా ఉంటుందని. పలచగా ఒత్తు. పోయినసారి నూడుల్స్ మందంగా ఉన్నాయని మీ మామగారు సగం వదిలేశారు.”

మైరమ్ పలచగా ఒత్తింది. చేతులు వాటంతటవే ఒత్తాయి. తల మాత్రం బడి పిల్లల జేబుల్లో ఉన్న ఇరవై నాలుగు చీటీల దగ్గరికి పోయింది. వాటిలో పదహారో చీటీ దగ్గర ఆగిపోయింది.

ఓపెన్ లెసన్ సంగతి అక్కడ బడికెళ్లిన ప్రతివాళ్లకీ తెలుసు. పేరుకే ఓపెన్. నెల ముందునుంచీ పిల్లలకి ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టిస్తారు. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలి. వెనక కూర్చున్నవాళ్లకి క్లాసంతా చేతులెత్తినట్టే కనపడుతుంది. ఆ కూర్చున్నవాళ్లూ ఒకప్పుడు ఎడమచెయ్యి ఎత్తినవాళ్లే, అయినా తెలియనట్టు తలూపుతారు. ఎవరికీ నష్టం లేని నాటకం. ఈసారి నాటకం ఏమిటంటే ఒకే ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, దాని అర్థమూ వాడుకా పిల్లల చేత చెప్పించాలి. పుస్తకంలో ఉన్న మాటల్లోంచి మైరమ్ ‘డిసప్పాయింట్‌మెంట్’ ఎంచుకుంది. ఇదెందుకమ్మా అని హెడ్‌మాస్టరు అడిగితే, పొడుగు మాట కదండీ, పిల్లలు పలికితే గొప్పగా వినపడుతుంది అంది. ఆయన సంతోషించాడు.

అసలు కారణం వేరే ఉంది. దాన్ని ఎవరితో చెప్పుకోవాలో మైరమ్‌కి తెలియదు.

మామగారి పేరు ఉమూత్. ఉమూత్ అంటే ఆశ. అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. పేరే కాదు, ఆ పేరు దొర్లే ఏ మాటా రాకూడదు. పక్కింటి కోడలికి తాష్ అనే మామగారు ఉన్నాడు. తాష్ అంటే రాయి. ఆమె పదేళ్లుగా రాళ్లని ‘గట్టివి’ అంటుంది, బియ్యంలో గట్టివి ఏరుతుంది. నవ్వుకోవటానికి బాగుంటుంది. మైరమ్ మొదటి నెలలో అలాగే నవ్వుకుంది. ఆశ అనాల్సిన చోటల్లా ‘ఎదురుచూపు’ అనటం నేర్చుకుంది. పిల్లకి జ్వరం తగ్గుతుందని ఎదురుచూస్తున్నాను. ఈ ఏడు గడ్డి బాగా పండుతుందని ఎదురుచూస్తున్నాను. మొదట్లో నాలుక తడబడేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఇంకేదో జరిగింది. మాట నోట్లోంచి పోయిన కొన్నాళ్లకి తలలోంచి కూడా జారిపోవటం మొదలుపెట్టింది. నాకిది కావాలని ఉంది అని లోపల అనుకోబోయినా మధ్యలో ఎవరో పెద్దాయన గుమ్మంలో నిలబడ్డట్టుండేది. పక్కకి తప్పుకునేది. పదహారేళ్లు అలాగే గడిచాయి.

ఇంగ్లీషులో ఆ మాట ఎవరి పేరూ కాదు. ఆ భాషలో ఎవరూ గుమ్మానికి అడ్డం నిలబడి లేరు. అందుకే ఆ పుస్తకం పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. పెట్టుకున్న ఆశ నెరవేరనప్పుడు కలిగేది అని అర్థం రాసి, కింద వాడుకలు ఇచ్చారు. చదువుతుంటే ఆమెకి వింతగా అనిపించింది. ఆ ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎంత చిన్నవాటికి వాడతారో. టీ చల్లారిపోయి ఉంటే డిసప్పాయింట్ అవుతారు. ఆట చూడ్డానికి వెళితే వాన వస్తే అవుతారు. అదే మాట కొడుకు అబద్ధం చెప్పినప్పుడూ, ముప్పై ఏళ్లు చేసిన కాపురం వృథా అనిపించినప్పుడూ వాడతారు. తమ భాషలో అయితే ‘మనసు అక్కడే ఉండిపోయింది’ అనాలి. చల్లారిన టీకి అంత పెద్ద మాట ఎవరంటారు? అంటే నవ్వరూ? మరి చిన్నవాటికి మాటే లేకపోతే ఆ చిన్నవన్నీ ఎక్కడికి పోతాయి అనుకుంది మైరమ్, పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే. ఆ పొయ్యి పక్కనే పదకొండు రోజులు కూర్చుని, పనికీ పనికీ మధ్య, ఇరవై నాలుగు మంది పిల్లలకి ఇంగ్లీషులో ఇరవై నాలుగు వాక్యాలు రాసింది.

మొదటి నాలుగూ పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. రైతు, వాన, ఫుట్‌బాల్, పుట్టినరోజు. అయిదోది రాస్తుంటే కలం దానంతటదే వేరే దారి పట్టింది. రొట్టె బాగా వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు, రొట్టె మాడింది, అందరూ అన్నారు. ఆరోది: పై చదువులు చదివిస్తామని పెళ్లికూతురికి చెప్పారు, మర్నాడు పొద్దున ఆమె చేతికి బకెట్ ఇచ్చారు. ఏడోది: భర్త వచ్చే ఏడాది అన్నాడు, ఇది వచ్చే ఏడాదే. ఇలా పోయింది. ప్రతిదాని చివరా ఆమె డిసప్పాయింట్ అయింది, అని. ఎవరామె అంటే ఎవరో. ఒక వంటావిడ, ఒక పెళ్లికూతురు, ఒక పొరుగమ్మాయి. రాస్తున్నప్పుడు మైరమ్‌కి నిజంగానే వాళ్లంతా ఎవరో అనిపించారు. వ్యాకరణం సరిచూసుకుంది, చీటీలు కత్తిరించింది, పంచింది. పదహారో చీటీ బెక్‌సుల్తాన్‌కి వెళ్లింది. క్లాసులో అందరికన్నా పెద్ద గొంతు వాడిది. ‘వదిన ప్రతి ఆదివారం వస్తుంది. మెత్తటి పరుపు మీద కూర్చుంటుంది. తాగిన టీ పియాలా ఒక్కసారి కూడా వంటింట్లోకి తేలేదు. వచ్చే ఆదివారం తెస్తుందేమో అనుకుని ఆ అమ్మాయి ప్రతిసారీ డిసప్పాయింట్ అయింది.’

జుమగుల్ ఆఫీసుకి మారకముందు మూడేళ్లు ఇంగ్లీషు టీచరుగా చేసింది.

ఆ సాయంత్రం టీ పోస్తూ మైరమ్ ముందు పరిచిన బట్ట మీద రెండుసార్లు ఒలకబోసింది. కోడలు తలుపు పక్కన కెటిల్ దగ్గర కూర్చుని అందరికీ పోయాలి, సగం పియాలాయే పోయాలి. నిండుగా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టు. సగం సగం పోస్తూ ఉంటే వాళ్లు తాగి మళ్లీ చాస్తూ ఉంటారు. ఆమె లెక్కపెట్టలేదు గానీ ఒక్కో పూటకి ముప్పై నలభై సార్లు చెయ్యి చాచి తీసుకుని, పోసి, రెండు చేతులా అందించాలి. తన పియాలా ఎప్పుడూ చల్లారిపోతుంది. అది కూడా ఒక చీటీలో ఉంది, పంతొమ్మిదోది.

“ఏంటి, పరీక్ష నీకా పిల్లలకా?” అన్నాడు కుబాన్ బట్ట మీద పడ్డ టీ చుక్క చూసి. కరెంటు ఆఫీసులో పని చేస్తాడు, మాటతో కొట్టడు, చెయ్యితో అసలే కొట్టడు. అందరూ అదృష్టవంతురాలివి అంటారు. “పాసైతే ఏమిస్తారంట?”

“పెద్ద గ్రేడు. బిష్కెక్‌లో పది వారాల ట్రైనింగ్‌కి పేరు పంపుతారు. మార్చిలో. అది చేసినవాళ్లు మిగతా టీచర్లకి నేర్పొచ్చు.”

“ఆ, చూద్దాంలే,” అన్నాడు. మూడేళ్ల కిందట ఇదే ట్రైనింగ్ గురించి అడిగితే, అత్తగారికి మోకాలి నొప్పని చూద్దాంలే అన్నాడు. రెండేళ్ల కిందట కొడుక్కి తట్టు పోసినప్పుడు అన్నాడు. కిందటేడు తన పిన్ని కూతురి పెళ్లని అన్నాడు. అతను అబద్ధమాడాడని ఎవరూ అనలేరు, ప్రతిసారీ నిజంగానే ఏదో ఒకటి ఉంది. ఈసారి కూడా ఏదో ఒకటి వస్తుంది. దాన్ని తనే రాసి పిల్లల నోట్లో పెట్టి పంపిస్తోందా అని మైరమ్‌కి భయం పట్టుకుంది. రేపు ఆ వాక్యం వింటే జుమగుల్ లేచి వెళ్లిపోతుంది, గ్రేడు పోతుంది, ఇంట్లో ముఖాలు మారిపోతాయి. పదహారేళ్లుగా నోరు మూసుకుని సంపాదించుకున్న మంచి పేరంతా రెండు నిమిషాల్లో పోతుంది. మంచి పేరు పోతే ఏమవుతుందో ఆమెకి తెలియదు, పోయినవాళ్లని ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు.

పొద్దున గంట కొట్టకముందే బడికి పరిగెత్తింది. ఆవు పాలు పితికి, బూడిద ఎత్తి, బొగ్గు వేసి, అందరికీ టీ పోసి, అయినా మొదటి గంటకన్నా ఇరవై నిమిషాలు ముందే చేరింది. బెక్‌సుల్తాన్‌ని మెట్ల కింద పట్టుకుంది.

“నీ వాక్యం మారుస్తున్నాను. ఇదిగో, ‘ఎముక దొరకలేదని కుక్క డిసప్పాయింట్ అయింది.’ చిన్నదే.”

వాడు చీటీ చూసి ముఖం చిట్లించాడు. “ఎజె, పాతది మా అమ్మక్కూడా వచ్చేసింది. పది రోజులు చదివాను. పడుకుని కూడా చదివాను.” అక్కడ పిల్లలు టీచర్ని ఎజె అంటారు, అక్కా అన్నట్టు.

“పాతది మర్చిపో. కుక్క గుర్తుపెట్టుకో.”

“పాతదే బాగుంది ఎజె. మా అమ్మ అర్థం అడిగి రెండుసార్లు చెప్పించుకుని వింది. మా మేనత్త కూడా అచ్చం ఇలాగే చేస్తుందంది.”

“బెక్‌సుల్తాన్.”

“సరే ఎజె. కుక్క, ఎముక.”

మిగతావాళ్లకి చెప్పటానికి టైము లేదు. గంట కొట్టారు. వెనక బెంచీల్లో హెడ్‌మాస్టరు, మరో ఇద్దరు టీచర్లు కూర్చున్నారు. బిష్కెక్ ఇన్‌స్పెక్టర్ దామీరా కళ్లజోడు తుడుచుకుంటోంది. నడివయసు మనిషి, నవ్వే ముఖం. ఆమె పక్కన జుమగుల్ కొత్త ఊలు కోటు విప్పకుండా కూర్చుని, మైరమ్‌కి ధైర్యం చెప్తున్నట్టు కళ్లతో సైగ చేసింది. మైరమ్ సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది.

పిల్లలు లేచి చెప్పటం మొదలుపెట్టారు. రైతు డిసప్పాయింట్ అయ్యాడు. ఫుట్‌బాల్ ఆటగాడు అయ్యాడు. దామీరా టిక్కులు పెడుతోంది. తర్వాత నున్నగా జడ వేసుకున్న ఒక పిల్ల లేచి రొట్టె సంగతి చెప్పింది. మరో పిల్ల బకెట్ సంగతి చెప్పింది. పదహారేళ్ల పిల్లలు, కొందరికి ఇంకా గొంతు సరిగ్గా మారలేదు. అక్షరం పొల్లు పోకుండా, కాస్త రాగం తీస్తూ, మైరమ్ ఇంటిని ఒక్కో గదీ తెరుచుకుంటూ పోతున్నారు. రాసినప్పుడు అవి ఆమెకి అక్షరాలు. బయటికి వింటుంటే వాటికి ఒళ్లు వచ్చింది. బకెట్ అందుకున్న ఆ ఆడమనిషి ఎవరో కాదని, ఆమె వయసు ముప్పై ఏడని, ఇప్పుడు బోర్డు పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడిందని మైరమ్‌కి తెలిసిపోయింది. ఇరవై నాలుగు వాక్యాల్లో ఒక్కటి కూడా ‘నేను’ అని మొదలు కాలేదని కూడా అప్పుడే గమనించింది. మొదటి నాలుగూ పోను అన్నిట్లోనూ ఆమె, ఆ అమ్మాయి, ఒకావిడ.

బెక్‌సుల్తాన్ వంతు వచ్చింది. వాడు లేచి ఆమె వైపు చూశాడు. పెదాలు కుక్క అనటానికి కదిలాయి. పది రోజులు చదివింది ఊరికే పోతుందా. పెద్ద గొంతుతో, వదిన, ఆదివారం, మెత్తటి పరుపు, పియాలా, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి కూర్చున్నాడు.

జుమగుల్ కలం ఆగింది. ముఖం మెడ దాకా ఎర్రబడింది. కోటు పై బొత్తాం విప్పుకుంది. తర్వాత వచ్చిన ఎనిమిది వాక్యాలకి ఆమె ఏమీ రాసుకోలేదు, తల కూడా ఎత్తలేదు. మైరమ్‌కి ఆ ఎనిమిదీ చెవిన పడలేదు. అయిపోయింది అనుకుంది. ఇంటికి వెళ్లాక ఎవరు ముందు మాట్లాడతారు, అత్తగారా కుబానా అని ఆలోచించింది.

“చక్కగా నేర్పారు,” అంది దామీరా. “కంఠతా వచ్చింది, సంతోషం. ఇప్పుడు కంఠతా లేనిది అడుగుతాను. ఈ మాటకి అర్థం మన భాషలో ఎవరైనా చెప్పండి.”

ఎడమచేతులు లేచాయి. ఆదీనాయ్ అనే పిల్ల, ముందు బెంచీది, ధైర్యం చేసి అంది: “మనసు అక్కడే ఉండిపోవటం.”

“అది ఎవరైనా గాయపరిస్తే అంటాం కదా అమ్మా. వాన పడకపోతే వాన మీద మనసు ఉండిపోతుందా? టీచరుగారూ, మీరు చెప్పండి. బాధకీ దీనికీ తేడా ఏమిటి?”

“ముందు ఒకదాని కోసం ఎదురుచూడాలి. చాలా ఎదురుచూడాలి. తర్వాత…”

“ఎదురుచూడటం వేరు కదా. బస్సు కోసం కూడా ఎదురుచూస్తాం. చావు కోసం కూడా చూస్తారు కొందరు. ఇక్కడ విరిగేది ఏమిటి?”

మైరమ్ మాట్లాడలేదు. హెడ్‌మాస్టరు నేల చూశాడు, ఆయనది ఈ ఊరే, అది ఎవరి పేరో తెలుసు. అప్పుడు జుమగుల్ గొంతు వినపడింది, కాస్త బొంగురుగా.

“దామీరా గారూ, ఆ మాట అడక్కండి. అది మా నాన్న పేరు. మా ఇంటి కోడలు పదహారేళ్లలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. కాలం మారిందని అందరూ వదిలేశారు గానీ, ఈ పిల్ల వదల్లేదు. అంత పద్ధతి గల పిల్ల.”

వెనక ఉన్నవాళ్లందరి ముఖాలు మెత్తబడ్డాయి. ఒక టీచరు అబ్బ అంది మెచ్చుకోలుగా. దామీరా కూడా, రాజధానిలో ఉన్నా అదే మట్టి మనిషి కాబట్టి, అయ్యో క్షమించండి నాకు తెలియదు అంది. గ్రేడు వచ్చేసినట్టే. ఊరికే నిలబడి ఉంటే చాలు. పదహారో చీటీ విన్న తర్వాత కూడా జుమగుల్ తనని కాపాడింది. అదే మైరమ్‌ని ఊపిరాడనివ్వలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఇప్పుడు ఈ మెప్పు ముందు తల వంచితే, ఇరవై నాలుగు వాక్యాలూ ఉత్త పిల్లల పాఠమే అయిపోతాయి. ఆదీనాయ్ నోటుబుక్కు తెరిచి ఏదో రాసుకుంటోంది. ఏం రాసుకుంటోంది ఈ పిల్ల? పద్ధతి గల పిల్ల ఎలా ఉండాలో రాసుకుంటోందా? వచ్చే ఏడాదో పై ఏడాదో దానికీ ఎవరో బకెట్ ఇస్తారు.

“ఉమూత్,” అంది మైరమ్.

గొంతు చిన్నగానే వచ్చింది. కానీ గదిలో చివరిదాకా వెళ్లింది. జుమగుల్ నోరు కొంచెం తెరుచుకుంది.

“విరిగేది ఉమూత్,” అంది మళ్లీ, పిల్లల వైపు తిరిగి. “ముందు ఉమూత్ పెట్టుకోవాలి. నాకిది రావాలి, రావటం న్యాయం అని లోపల నమ్మాలి. అది రానప్పుడు కలిగేదే ఈ మాట. అసలు ఏమీ కోరుకోనివాళ్లకి ఈ మాటతో పని లేదు. వాళ్లకి బాధ ఉంటుందేమో గానీ ఇది ఉండదు. నేను మూడేళ్లుగా బిష్కెక్ వెళ్లి చదువుకోవాలని ఉమూత్ పెట్టుకున్నాను. మూడేళ్లూ డిసప్పాయింట్ అయ్యాను. రాసుకోండి, ఇది ఇరవై అయిదో వాక్యం.”

ఇరవై నాలుగు తలలు వంగి రాసుకున్నాయి. మైరమ్ చేతిలో సుద్దముక్క చెమటకి మెత్తబడి పోయింది. భయం పోలేదు. ఇంకా ఎక్కువైంది కూడా. కానీ ఆ మాట నోట్లో ఇంకా వెచ్చగా ఉంది.

క్లాసు అయ్యాక దామీరా ఆమె చెయ్యి పట్టుకుని, పేరు జాబితాలో వేస్తున్నాను, ఇంట్లో మాట్లాడుకుని శుక్రవారంలోగా ఖాయం చెయ్యండి అంది. జుమగుల్ ఎవరితోనూ మాట్లాడకుండా కోటు బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

మైరమ్ ఇల్లు చేరకముందే జుమగుల్ ఫోను చేరింది. సాయంత్రం టీ దగ్గర అత్తగారు ఆమె అందించిన పియాలా తీసుకోలేదు. అది బట్ట మీదే చల్లారింది. మామగారు, గడ్డం తెల్లబడిన పెద్దమనిషి, చెవులు సరిగ్గా వినపడవు, రొట్టె తుంచుకుంటూ ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నారు. పద్నాలుగేళ్ల కూతురు సేజిమ్ తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూస్తోంది.

“ముప్పై మంది ముందు మా నాన్న పేరు,” అన్నాడు కుబాన్. అరవలేదు. “ఆ మాట లేకుండా చెప్పలేకపోయావా?”

“లేకుండా చెప్పటం కుదరదు.”

“మరి పదహారేళ్లు ఎలా చెప్పావు?”

“చెప్పలేదు కదా,” అంది మైరమ్.

కుబాన్ పియాలా చాచాడు. ఆమె సగం పోసింది, రెండు చేతులా అందించింది. తర్వాత, చెయ్యి వెనక్కి తీసుకోకముందే, వెనక్కి తీసుకుంటే ఇక అనలేనని తెలిసి, అంది: “నేను మార్చిలో బిష్కెక్ వెళ్తున్నాను. పది వారాలు. శుక్రవారం సంతకం పెడుతున్నాను.”

“చూద్దాంలే.”

“మూడేళ్లు చూశాం.”

“ఇదంతా ఎవరు చేస్తారు మరి? టీ ఎవరు పోస్తారు? సేజిమ్ పోస్తుందా?”

సేజిమ్ ఒళ్లు బిగుసుకోవటం మైరమ్ చూసింది. “సేజిమ్‌కి చదువుంది. కెటిల్‌కి పిడి ఉంది. ఎవరు పట్టుకున్నా వంగుతుంది.”

ఎవరూ నవ్వలేదు. అత్తగారు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు ఆ ఇంట్లో పడుకునే వేళకి ముందు ఎప్పుడూ మూసుకోలేదు. ఆ చప్పుడు మైరమ్ లోపల ఎక్కడో తగిలి ఉండిపోయింది. పొద్దున లేచేసరికి కూడా అది అక్కడే ఉంది.

పొద్దున పిండి కలుపుతుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. పొయ్యి పక్క ముక్కాలి పీట మీద కూర్చున్నారు. మైరమ్ పిండి గుద్దుతూ తిట్టు కోసం ఎదురుచూసింది.

“యాభై రెండేళ్లు,” అన్నారు చివరికి. “యాభై రెండేళ్లు నేను ఆయన పేరు అనలేదు. మీ మామగారి పేరు నాకు మొగుడి పేరు. నీకు పదహారేళ్లకే బరువైపోయింది.”

“అవునపా,” అంది మైరమ్.

“జుమగుల్ చెప్పింది, ఎవరో పిల్ల బకెట్ సంగతి చదివిందట. ఆ బకెట్ నేనిచ్చిందేనా?”

మైరమ్ చేతులు పిండిలో ఆగిపోయాయి. “మీరిచ్చిందే.”

అత్తగారు తలూపారు. కోపంగా ఊపలేదు, సంతకంలో స్పెల్లింగు సరిచూసుకున్నట్టు ఊపారు. “నాకు మా అత్త ఇనప కడవ ఇచ్చింది. నర్సు చదువుకి నరీన్ పట్నంలో సీటు వచ్చింది అప్పుడే. కాగితం మీద సీలు కూడా ఉంది. ఏడాది తర్వాత పంపిస్తాం అన్నారు.” పొయ్యి తలుపు తెరిచి బొగ్గు కదిపారు, కదపాల్సిన అవసరం లేకపోయినా. “పెట్టె అడుగున ఉంది ఇంకా. ఎలకలు ఒక మూల కొట్టాయి.”

పదహారేళ్లలో ఆ పెట్టె మైరమ్ వందసార్లు దులిపింది. అడుగు దాకా ఎప్పుడూ వెళ్లలేదు.

“నువ్వు వెళ్లినప్పుడు ఆవు సంగతి నేను చూస్తాను,” అన్నారు అత్తగారు పొయ్యిలోకే చూస్తూ. “టీ మాత్రం వాళ్లే పోసుకుంటారు. నాకు మోకాలు పనికిరాదు.” అటు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. “ఆ ఇంగ్లీషు మాట ఏంటది? పిల్లలు చెప్పింది.”

“డిసప్పాయింట్‌మెంట్.”

“డిస…” ఆమెకి నోరు తిరగలేదు. ముందు రెండు పళ్లు లేవు. “ముక్కలు ముక్కలుగా చెప్పు.”

మైరమ్ చెప్పింది. అత్తగారు ఒక్కో ముక్కా పెదాల మీద పెట్టుకుని చూసి, నాలుగోసారికి మొత్తం కలిపి అన్నారు. అన్నాక, ఎవరైనా విన్నారేమోనని భయపడాల్సిన పని లేదని గుర్తొచ్చినట్టు, మళ్లీ ఇంకాస్త గట్టిగా అన్నారు.

“మరి దీంతో వాక్యం ఎలా చెప్పాలి?”

మైరమ్ పిండి చేతులు గుడ్డకి తుడుచుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ముందు ‘నేను’ అని మొదలుపెట్టాలి, అపా.”